బుగ్గచుక్కను మురికి అన్నారు

కరోనా తర్వాత ఆఫీసులు మళ్లీ పూర్తిగా తెరుచుకున్న ఏడాది, వేసవి మొదట్లో, నోయిడాలోని మా స్టూడియోలో నన్ను ఒక పాత తెలుగు సినిమాకి క్యూసీ బాధ్యురాలిగా వేశారు. అప్పటికి నా హోదా సీనియర్ మేనేజర్, క్వాలిటీ కంట్రోల్. రిటైర్మెంటుకి ఏడాది కూడా లేదు. క్యూసీ విభాగంలో తెలుగు చదవడం, రాయడం, కనీసం వినడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

పాత సినిమాలను శుభ్రం చేసి కొత్త డిస్కులకు సిద్ధం చేయడం మా స్టూడియో పని. ఫిల్ము రీళ్లు వస్తాయి. స్కానింగ్ విభాగం ఒక్కో ఫ్రేమునూ విడిగా ఫోటో తీసినట్టు తీసి కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. దాన్ని రా స్కాన్ అంటాం, అంటే ఇంకా ఎవరి చెయ్యీ పడని బొమ్మ. తర్వాత క్లీనప్ వాళ్లు గీతలు, దుమ్ము, మచ్చలు తీస్తారు. సాఫ్ట్‌వేర్‌కి చిక్కనివాటిని పేంట్ విభాగం వాళ్లు ఫ్రేము ఫ్రేముగా చేత్తో తుడుస్తారు. ఆఖరున క్యూసీ. సినిమాని మొదటి నుంచి చివరి దాకా చూసి, ఇది బయటికి వెళ్లొచ్చా లేదా అన్నది మేము తేల్చాలి. మాకున్నవి పాస్, ఫెయిల్ అనే రెండు మాటలే. నేను ఫెయిల్ ఎక్కువ రాస్తానని ఆఫీసులో వెనకాల ‘ఫెయిల్ మేడమ్’ అనేవాళ్లు. ఆ సంగతి నాకు తెలుసు, దానికి ఎప్పుడూ కోపం రాలేదు. కోపం వచ్చిన సంగతి వేరే ఉంది. ఇన్నాళ్లయినా అది చల్లారలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

ముందు సినిమాలు పోగుచేసుకునేవాళ్ల గురించి చెప్పాలి. ఢిల్లీలో మన తెలుగువాళ్లలో అలాంటి బృందం ఒకటుంది. గుర్గావ్ సాఫ్ట్‌వేర్ వాళ్లు కొందరు, ధౌలా కువాన్ వైపు కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఒకాయన, సెక్రటేరియట్‌లో పనిచేసి రిటైరైన వెంకటరత్నం గారు. నెలకో ఆదివారం మయూర్ విహార్‌లో వెంకటరత్నం గారి ఫ్లాట్‌లో కలుస్తారు. నన్ను వృత్తిరీత్యా పిలిచేవారు. సినిమా చూస్తారనుకుని వెళ్లాను. చూసేది తక్కువ. వీహెచ్ఎస్ టేపులో అడ్డగీతలు ఎన్ని, డీవీడీలో ఎన్ని, బ్లూరేకి ఫోర్‌కే డిస్కుకి తేడా ఎంత దూరం నుంచి కనిపిస్తుంది, ఏ టీవీలో నలుపు నిజమైన నలుపు, ఇదీ వాళ్ల గొడవ. వీసీడీ మాటెత్తితే ముక్కు మూసుకునేవాళ్లు. ఎవరి దగ్గరైనా కొత్త డిస్కు వస్తే మొదటి సీను దగ్గర ఆపి, నటి పట్టుచీర మీద జరీ పోగులు లెక్కపెట్టి, ఆహా అనుకుని పెట్టెలో పెట్టేసేవాళ్లు. సినిమా సగంలో ఆగిపోయేది. ఆ పోగుల మధ్య ఒక మనిషి నిలబడి ఏదో చెబుతోంది కదయ్యా అని నాకు అరవాలనిపించేది. అతిథిని కదా, టీ తాగి వచ్చేసేదాన్ని.

వెంకటరత్నం గారు వాళ్లలాంటివారు కాదు. ఆయనది తెనాలి. ఆదివారం మధ్యాహ్నాలు టీవీలో వంతులవారీగా ఒక్కో భాష సినిమా వేసే రోజుల్లో, తెలుగు వంతు వచ్చినప్పుడల్లా వీసీఆర్ పెట్టి రికార్డు చేసుకున్నారు. ఢిల్లీలో అప్పట్లో తెలుగు సినిమా చూడాలంటే అదే దారి. అలా ఒక పెద్ద అల్మరా నిండింది. అది ఇంట్లో రెండో పడగ్గదిలో సగం గోడని ఆక్రమించింది. ఆయన భార్య కమల గారి చెల్లెలి కూతురు సివిల్స్‌కి చదువుతోంది. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో కిటికీ లేని పేయింగ్ గెస్ట్ గదిలో ఉండి ఉండి దగ్గు పట్టుకుంది, వదలడం లేదు. ఆ పిల్లని తమ ఇంటికి తెచ్చుకోవాలని కమల గారు నిశ్చయించారు. అందులో ఎవరూ కాదనడానికేమీ లేదు.

“ఆ అల్మరా కదిలితే గానీ పిల్లకి మంచం పట్టదమ్మా,” అని నాతో అన్నారావిడ.

వెంకటరత్నం గారు ఒప్పుకున్నారు. ఒక్క సినిమా దగ్గర మాత్రం ఆయన మనసు ఆగింది. అది మా స్టూడియోకి వచ్చిన సినిమాయే. అది డీవీడీగా ఎప్పుడూ రాలేదు. వీసీడీ వచ్చింది గానీ రెండు డిస్కుల్లో ఇరికించడానికి ఆఖరి రీలు కత్తిరించేశారు. పూర్తి సినిమా ఉన్నది, మాకు తెలిసినంతలో, ఆయన టేపులోనే.

“ఏమ్మా, నువ్వు ఆ పనిలోనే ఉన్నావు గదా. మీవాళ్ల డిస్కు వచ్చాక ఇక ఈ టేపుతో పనుంటుందంటావా?” అని అడిగారు.

ఉద్యోగంలో చేరినప్పుడే, చేస్తున్న పని గురించి బయట నోరు విప్పనని సంతకం పెట్టాను. అయినా అప్పటికి చెప్పకూడని సంగతేమీ లేదు. ఫిల్ము బాగానే ఉంది, డిస్కు చూశాక నిర్ణయించుకోండి అన్నాను. ఆయన సరేనన్నారు.

నేను అన్నది నిజమే. చెన్నైలో ఏదో గోడౌన్ నుంచి వచ్చిన ప్రింటు అది. పెట్టె మూత తీస్తే వెనిగర్ వాసన ముక్కు పగలగొట్టింది. పాతబడ్డ ఫిల్ము కుళ్లడం మొదలైందనడానికి ఆ వాసనే గుర్తు. అయినా స్కాన్ అద్భుతంగా వచ్చింది. నలుపు తెలుపు సినిమా. నేను రా స్కాన్ మొత్తం కూర్చుని చూశాను. అది నా పద్ధతి. శుభ్రం చేసింది చూసేముందు చేయనిది చూడకపోతే, ఏం తీశారో ఎలా తెలుస్తుంది? నా తర్వాతి వాళ్లు దీన్ని టైము దండగ అన్నారు, ఇప్పుడు ఎవరూ చూడటం లేదని విన్నాను.

ఆ సినిమా పేరు చెప్పను, కథ కొంచెం చెప్పాలి. కథానాయిక ఊళ్లో పాఠాలు చెప్పే అమ్మాయి. పెళ్లిపీటల మీద కూర్చున్నాక, మగపెళ్లివారు ఆమెకి చదువు చెప్పిన మాస్టారిని పందిట్లో కూర్చోనిచ్చేది లేదంటారు, ఆయన కులం పేరెత్తి. ఆ అమ్మాయి ఒప్పుకోదు. పెళ్లికొడుకు లేచిపోతాడు. ఇక చివరి రెండు రీళ్లూ పెద్దల బతిమాలడాలే. ఆమె మాత్రం పెళ్లికూతురి ముస్తాబులోనే ఇంట్లో తిరుగుతుంది. బాసికం తీసేసింది, దండ తీసేసింది, బుగ్గ మీద కాటుకతో పెట్టిన చుక్క మాత్రం అలాగే ఉంటుంది. మన పెళ్లిళ్లలో పెళ్లికూతురికి బుగ్గన చుక్క పెట్టడం తెలియని తెలుగువాళ్లు ఉండరని నేను అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆ చుక్క గురించి సినిమాలో ఒక్కరూ మాట్లాడరు. కెమెరా మాత్రం దాన్ని వదలదు. చివరికి మగపెళ్లివారు మనసు మార్చుకుని తిరిగి వస్తారు, మాస్టారు మాత్రం రాకూడదంటారు. ఆమె గుమ్మంలో నిలబడి, వాళ్ల మొహాల్లోకి చూస్తూ, అరచేత్తో బుగ్గ మీద చుక్కని గట్టిగా రుద్ది చెరిపేస్తుంది. బుగ్గ మీద నల్లటి చార పడుతుంది. చెయ్యి దించితే అరచెయ్యి నల్లగా ఉంటుంది. ఒక్క మాట మాట్లాడకుండా తలుపు వేసేస్తుంది. సినిమా అయిపోతుంది. మా పెద్ద స్క్రీన్ మీద ఆ మొహాన్ని ఆపి చూశాను. కళ్లలో చుక్క నీరు లేదు. ఫోర్‌కే కదా, ఉంటే కనపడేది.

కొన్ని వారాల తర్వాత శుభ్రం చేసిన వెర్షన్ నా దగ్గరికి వచ్చింది. పెళ్లి సీను మొదలైంది. పెళ్లికూతురు తలెత్తింది. బుగ్గ నున్నగా ఉంది.

వెనక్కి తిప్పాను. మళ్లీ చూశాను. తర్వాతి సీను చూశాను, ఆ తర్వాతిది చూశాను. చుక్క ఎక్కడా లేదు. ఆఖరి సీనుకి వెళ్లాను. గుమ్మంలో నిలబడింది, అరచేత్తో బుగ్గ రుద్దుకుంది. బుగ్గ మీద ఏమీ లేనప్పుడు ఆడమనిషి బుగ్గ ఎందుకు తుడుచుకుంటుంది? కన్నీళ్లు తుడుచుకోవడానికి. మొహం మీద తలుపు వేసిన మనిషిని ఏడుస్తూ లోపలికి పోయిన మనిషిని చేశారు. అంతటితో ఆగలేదు. బుగ్గ మీద పడిన చార తుడిచారు. అరచేతికి అంటిన నలుపు కూడా తుడిచారు. బుగ్గ మీది ‘మురికి’ చేతికి ఎలా అంటుకుందని అన్ని ఫ్రేముల్లో ఒక్కచోటైనా ఎవరికీ అనుమానం రాలేదు!

ఇది సాఫ్ట్‌వేర్ చేసిన తప్పు కాదు. ఫిల్ము మీద దుమ్ము ఒక ఫ్రేములో ఉంటే పక్క ఫ్రేములో ఉండదు. సాఫ్ట్‌వేర్ పట్టుకునేది ఆ తేడానే. చుక్క ప్రతి ఫ్రేములోనూ ఉంది, ఆమె తల తిప్పితే తలతో పాటు తిరిగింది. మురికి మొహంతో పాటు తిరగదు. కాబట్టి యంత్రం దాన్ని వదిలేసింది. మనుషులు కూర్చుని, శ్రద్ధగా, ఓపికగా, ఒక్కో ఫ్రేము తుడిచారు. పని చాలా నీట్‌గా చేశారు, ఆ మాట ఒప్పుకోవాలి. అతుకు ఎక్కడా కనపడదు.

పేంట్ విభాగాన్ని అడిగితే, క్లయింట్ నుంచి నోట్ వచ్చింది మేడమ్ అన్నారు. డిస్కు వేస్తున్న విదేశీ కంపెనీ వాళ్లు మధ్యలో ఒక కాపీ చూసి, నటి బుగ్గ మీద మచ్చ ఉంది, తీసేయండి అని రాశారు. మావాళ్లు ఊరికే తీసేయలేదు. తెలుగు సినిమా కదా, తెలుగువాణ్ణి అడుగుదామని కార్తీక్‌ని అడిగారట. నన్ను అడగలేదు. నేను ఫెయిల్ రాస్తానని తెలుసు కదా.

కార్తీక్ మా ప్రాజెక్ట్ కోఆర్డినేటర్. అమ్మా నాన్నా ఒంగోలు వాళ్లు, తను ద్వారకలో పుట్టి పెరిగాడు. తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో చెబుతాడు. మంచి కుర్రాడే. నా గదిలోకి పిలిచి, ఇది ఏమిటని నువ్వు చెప్పావు అని అడిగాను.

“ఆంటీ, ముఝే లగా మోల్ హోగా. పుట్టుమచ్చ. క్లయింట్‌కి వద్దంటే తీసేయమన్నాను.”

“నీ పెళ్లికి నీకు పెట్టలేదూ బుగ్గన చుక్క?”

పెట్టారు, గుర్తుందన్నాడు. ఫోనులో పెళ్లి ఫోటో తీసి చూపించాడు. అందులో అతని బుగ్గ మీద గానీ ఆ పెళ్లికూతురి బుగ్గ మీద గానీ చుక్క లేదు. ఫోటోగ్రాఫర్ ఆల్బమ్ చేసేటప్పుడు అన్ని ఫోటోల్లోనూ క్లీన్ చేశాడట. “ఉస్‌నే హీ హటా దియా ఆంటీ,” అన్నాడు మామూలుగా. తన పెళ్లిలో తన బుగ్గన చుక్క ఎలా ఉందో అతను మళ్లీ ఎప్పుడూ చూడలేదు, ఇంక చుక్క అనేది మొహం మీద ఉండాల్సిన వస్తువని ఎందుకు తడుతుంది? నాకు అతని మీద కన్నా ఆ ఫోటోగ్రాఫర్ మీద కోపం వచ్చింది, ఆ ఆల్బమ్ చూసి ఎంత బావుందో అని పొంగిపోయిన పెద్దవాళ్ల మీద ఇంకా వచ్చింది. వాళ్లు పక్కింట్లో ఉంటే వెళ్లి కడిగేసేదాన్ని.

ఫెయిల్ రాశాను. కారణం వివరంగా రాశాను, చుక్క ఏమిటో, దాన్ని తీస్తే ఆఖరి సీను ఏమవుతుందో. మా ఆపరేషన్స్ హెడ్ సూద్ నన్ను పిలిచాడు. క్యూసీ ఫెయిల్ చేసినదాన్ని బయటికి పంపాలంటే ఆపరేషన్స్ హెడ్ ‘వేవర్’ మీద సంతకం పెట్టాలి. తేడా ఉందని తెలుసు, క్లయింట్‌కి సమ్మతమే అని దానర్థం. అతను నాకంటే పదేళ్లు చిన్నవాడు, మనిషి మర్యాదస్తుడు, గొంతు పెంచడు. ఆ మర్యాద చూస్తేనే నాకు మండుతుంది.

“మేడమ్, క్లయింట్ ఖుష్ హై. రిజల్యూషన్ పాస్, సౌండ్ పాస్, సబ్‌టైటిల్స్ పాస్. ఏక్ బిందీ కే లియే డెలివరీ రోక్ దూ?”

ఒక్క బొట్టు కోసం డెలివరీ ఆపాలా అని అతని ప్రశ్న. అది బొట్టు కాదన్నాను. సినిమా చివరి రెండు రీళ్లూ దాని మీదే నడిచాయన్నాను. ఏ స్పెసిఫికేషన్ కింద ఫెయిల్ చేశారు, సెక్షన్ చెప్పండి అన్నాడు. నిజానికి అలాంటి సెక్షన్ లేదు. బొమ్మ వణికితే సెక్షన్ ఉంది, శబ్దం పెదాలకి కుదరకపోతే ఉంది, నలుపు బూడిద రంగులోకి తిరిగితే ఉంది. కథ మారిపోతే లేదు. ఆ రోజు నేను గట్టిగా అరిచాను. అద్దాల గది కాబట్టి మాట వినపడకపోయినా అందరికీ కనపడింది. సూద్ వేవర్ మీద సంతకం పెట్టాడు.

ఆ సంతకంతో ఇంకొక పని మొదలవుతుంది, అదే నా అసలు భయం. క్లయింట్ అందుకున్నట్టు ఒప్పుకోగానే రా స్కాన్‌ని చెరిపేస్తారు. మేం పర్జ్ అంటాం. అంత పెద్ద ఫైళ్లు ఉంచడానికి జాగా చాలదని, ఒప్పందంలోనే ఆ మాట ఉంటుంది. పోనీ ప్రింటు ఉంది కదా అంటారేమో. చెన్నైకి ఫోన్ చేశాను. డిజిటల్ అయిపోయింది కదండీ, వాసన భరించలేక పారేశాం అన్నారు అవతల. ఎంత హాయిగా చెప్పారో! కనీసం ఆఖరి రెండు రీళ్ల రా స్కాన్ ఆపమని స్టోరేజీ వాళ్లకీ సూద్‌కీ మెయిల్ పెట్టాను. నేనే కాపీ చేసుకోవచ్చు కదా అని తర్వాత చాలామంది అన్నారు. మా మెషీన్లకి పెన్‌డ్రైవ్ పెట్టే చోటు కూడా ఉండదు, పైరసీ భయం. నా మెయిల్‌కి సోమవారం జవాబు వచ్చింది, వారాంతంలోనే పర్జ్ పూర్తయిందని.

ఇక మిగిలింది అల్మరాలో టేపు. ఫోన్ చేసి, ఆ టేపు మాత్రం పారేయకండి, కారణం తర్వాత చెబుతానన్నాను. “డిస్కు చూశాక తేలుద్దాం లేమ్మా,” అన్నారు వెంకటరత్నం గారు. పాత సామాన్లు కొనే కబాడీ వాణ్ణి కూడా డిస్కు చూసే ఆదివారం సాయంత్రానికే రమ్మన్నారట. కమల గారి చెల్లెలి కూతురు సామాను సర్దుకుంటోంది.

డిస్కు వచ్చింది. ఆ ఆదివారం అందరూ పోగయ్యారు. గుర్గావ్ శ్రవణ్ తన ఫోర్‌కే ప్లేయర్ మోసుకొచ్చాడు. వరంగల్ పిల్లాడు, బృందంలో అందరికన్నా టెక్నాలజీ తెలిసినవాడని పేరు. మొదటిసారి వాళ్లు సినిమాని ఆపకుండా చూశారు, బొమ్మ అంత బావుంది మరి. నేను చివర కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆఖరి సీను వచ్చింది. ఆమె బుగ్గ తుడుచుకుంది. తలుపు వేసింది.

“చూసిన్రా ఆంటీ, ఏడుస్తున్నది!” అన్నాడు శ్రవణ్. “టేపుల గిది కనబడనే కనబడదు. ఫోర్‌కే అంటే గిదే.”

అందరూ తలలూపారు. ఫిజిక్స్ లెక్చరర్ ఆ కన్నీటి మెరుపు గురించి రెండు నిమిషాలు మాట్లాడాడు. లేని కన్నీటికి మెరుపు! అది కూడా ఓర్చుకునేదాన్ని. వెంకటరత్నం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, “ఇన్నేళ్లు చూశాను గానీ, ఆ పిల్ల ఏడ్చిందని ఇవాళే తెలిసిందమ్మా నాకు. ఇంక టేపెందుకు, పంపించేద్దాం,” అన్నారు. ఆ సినిమాని ఆయన ఎన్నిసార్లు చూశారో. తన కళ్లతో చూసినదాని కన్నా డిస్కు డబ్బా మీద రాసిన ‘ఫోర్‌కే’ అన్న మాటనే నమ్మారు. నా ఒళ్లు మండిపోయింది.

“ఆవిడ ఏడవట్లేదు. టేపు పెట్టండి,” అన్నాను.

హాల్లో కొత్త టీవీకి వీసీఆర్ తగిలించే రంధ్రం లేదు. అల్మరా ఉన్న గదిలో పాత డబ్బా టీవీ ఉంది. అందరం ఆ ఇరుకులో నిలబడ్డాం. గొంతులు పెద్దవవుతున్నాయని వంటింట్లోంచి కమల గారు కూడా వచ్చారు. టేపు గుర్రుమని తిరిగింది. బొమ్మ వణికింది, అడుగున మంచు కురిసింది, ఇంగ్లీషు సబ్‌టైటిల్ సగం తెగింది. పెళ్లికూతురు గుమ్మంలో నిలబడింది. బుగ్గ మీద నల్లటి చుక్క. రుద్దింది. చార పడింది. చెయ్యి దించింది. అరచెయ్యి నలుపు.

“టేపు డ్రాపౌట్ గాదా ఆంటీ అది?” అన్నాడు శ్రవణ్. డ్రాపౌట్ అంటే టేపు మీద పూత రాలినచోట వచ్చే మచ్చ. టేపు సంగతి తెలిసినవాడే ఆ మాట అన్నాడు చూడండి.

“డ్రాపౌటేంటయ్యా?” అన్నారు కమల గారు. “బుగ్గచుక్క. చెరిపేసుకుంటోంది. నీ సంబంధమూ వద్దు నువ్వూ వద్దు అంటోంది. ఆ మొహం చూసి ఏడుపంటారేంటి మీరంతా?”

అప్పుడు నేను మొత్తం చెప్పేశాను. క్లయింట్ నోట్, కార్తీక్, వేవర్, పర్జ్. బయట నోరు విప్పనని పెట్టిన సంతకం ఆ క్షణం నాకు గుర్తుంది, గుర్తుండే చెప్పాను. వెంకటరత్నం గారు అల్మరాకి చేరగిలబడ్డారు. “మరి ఇందాక హాల్లో నేను చూసిందేంటి?” అన్నారు, ఎవరినీ ఉద్దేశించకుండా.

కమల గారు వీసీఆర్‌లోంచి టేపు తీయించి, అల్మరా పోవలసిందే, ఈ ఒక్కటీ నా చీరల బీరువాలో పెడతాను అన్నారు. అలాగే పెట్టారు. సాయంత్రం కబాడీ అతను వచ్చి మిగతా టేపులన్నీ తీసుకుపోయాడు. నేను ఆపబోయాను. ఏమని ఆపను? వాటిలో చాలా సినిమాలకి డిస్కులు వచ్చేశాయి. ఆ డిస్కుల్లో ఎవరి బుగ్గ తుడిచారో, ఏ మాట తీసేశారో, పోల్చి చూసినవాళ్లు లేరు. చూడ్డానికి నెలలు పడుతుంది. ఆ పిల్ల అప్పటికే సూట్‌కేసుతో దగ్గుతూ మెట్లెక్కుతోంది, ఆమెకి గాలి వచ్చే గది కావాలి. శ్రవణ్ మాత్రం మెట్ల దగ్గర సంచులు మోస్తూ, “ఒక్కటన్న చూసి ఇద్దుము గద అంకుల్,” అన్నాడు. అప్పటికి ఆలస్యమైపోయింది.

ఆ వారంలోనే అతను జరిగిందంతా తమ ఆన్‌లైన్ బృందంలో రాశాడు. క్లయింట్ దాకా వెళ్లింది. సూద్ పిలిచాడు. గోప్యత ఒప్పందం ఉల్లంఘించారన్నాడు. అవునన్నాను. ఆ తర్వాత అతను అన్న మాట ఉంది చూడండి, అది నేను మర్చిపోలేను. “డాట్ వాపస్ డాల్ దేంగే, మేడమ్. సైజ్ బతా దీజియే.” చుక్కని కంప్యూటర్లో మళ్లీ గీసి పెడతారట, నేను కొలత చెప్పాలట! చుక్క గీస్తావు, సరే. ఆమె రుద్దినప్పుడు అది ఎటు సాగిందో, చార ఎంత మందాన పడిందో, ఏ వేలికి ఎంత నలుపు అంటిందో ఎక్కణ్ణుంచి తెస్తావు, రా స్కాన్ చెరిపేశావు కదా అన్నాను. టేపులో ఉందిగా అన్నాడు. నేను లేచి వచ్చేశాను. చివరికి వాళ్లు ఏమీ చేయలేదు, రెండో విడత డిస్కులు కూడా అలాగే వచ్చాయి. నా ఆఖరి రోజున కేకు కోయలేదు, నాకు దాని మీద ఆశా లేదు.

వెంకటరత్నం గారి టేపుని మా ఇంట్లో నేనే కంప్యూటర్లోకి ఎక్కించాను. ఎలాంటి మెరుగులూ పెట్టలేదు, మంచు కూడా తీయలేదు. అడిగిన ప్రతి ఒక్కరికీ కాపీ ఇచ్చాను. దాన్ని చూసి బొమ్మ బాగాలేదన్న వాళ్లున్నారు, వాళ్లతో వాదించడం మానేశాను.

కొత్త ఫార్మాట్ కొనాలా, పాతది ఉంచుకోవాలా అని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. నేను ఈ ఉద్యోగంలో తెలుసుకున్నది ఇంతే. బొమ్మలో ఎంత కనపడుతుందో ఫార్మాట్ చెబుతుంది. ఏది తీసేశారో చెప్పదు. పాతది ఇంట్లోంచి పంపేముందు రెండూ పక్కపక్కన పెట్టి, మొదటి నుంచి చివరి దాకా చూడండి. చూసే ఓపిక లేకపోతే ఏదీ పారేయకండి. మా డిస్కు డబ్బా వెనక ‘కన్నీళ్లు పెట్టించే ముగింపు’ అని అచ్చువేశారు. ఇప్పుడు ఆ సినిమా మీద వ్యాసాలు రాసేవాళ్లు కూడా ఆమె కన్నీళ్ల గురించే రాస్తున్నారు. ఆ ముగింపుని ఎవరి చెయ్యీ పడకముందు ఒక్కో ఫ్రేముగా చూసినదాన్ని నేను. ఆమె ఏడవలేదు.